బానెట్ వీధికి, కుళ్లాయి ఇంటికి

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ల చేతుల్లో తిరిగే 10 పౌండ్ల నోటు మీద నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ బొమ్మ ఉంటుంది. 2017 సెప్టెంబరులో వచ్చిన నోటు అది. అంతకుముందు 2002 నుంచి 2017 దాకా నడిచిన 5 పౌండ్ల నోటు మీద ఎలిజబెత్ ఫ్రై ఉండేది. జైళ్లలో మగ్గే ఆడవాళ్ల కోసం పాటుపడిన మహిళ ఆమె, నిరాడంబరతను నియమంగా పెట్టుకున్న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందింది. ఇద్దరి తలల మీదా తెల్లటి గుడ్డ తొడుగే ఉంది. పాతకాలం టోపీ కదా అనుకుని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రెండింటి వెనక ఉన్న కారణాలు వేరు. ఆస్టెన్ తొడుగుకు ముఖం చుట్టూ కుచ్చులున్నాయి, అది తన సౌకర్యం కోసం పెట్టుకున్నది. ఫ్రై తొడుగులో కుచ్చు లేదు, లేసు లేదు, అది తన మతం చెప్పింది.

తికమక మన భాషలోనూ ఉంది. తల మీద ఏది ఉన్నా మనకు టోపీయే. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ స్త్రీకి అవి రెండు వేరే వస్తువులు. గడ్డితోనో పట్టుతోనో చేసి, ముఖం ముందుకు గట్టి అంచు పొడుచుకొచ్చేలా కుట్టి, బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకునేది బానెట్. గట్టి అంచు లేకుండా పల్చటి తెల్ల గుడ్డతో కుట్టి ఇంట్లో పెట్టుకునేది క్యాప్. ఈ రెండోదానికి మన దగ్గర సరిపోయే పాత మాట కుళ్లాయి, శ్రీనాథుడి చాటువు పుణ్యమా అని ఇంకా బతికే ఉంది. ఈ వ్యాసంలో ఇంటి టోపీని కుళ్లాయి అనే అంటాను.

ఈ ఒక్క తేడా తెలిస్తే పాత చిత్రాలు వేరేగా కనిపిస్తాయి. ఒక గదిలో ఇద్దరు స్త్రీలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఒకరికి కుళ్లాయి, ఇంకొకరికి బానెట్ ఉన్నాయనుకోండి. కుళ్లాయి ఉన్నావిడ ఆ ఇంటి మనిషి, బానెట్ ఉన్నావిడ చూడవచ్చిన మనిషి. పలకరింపుకు వచ్చినవాళ్లు పావుగంట, ఇరవై నిమిషాలకు మించి కూర్చునేవాళ్లు కాదు, బానెట్ తీసేవాళ్లూ కాదు. తీశారంటే భోజనం దాకా ఉంటారని అర్థం. రాత్రి విందుకు పిలిస్తే మాత్రం అట్టపెట్టెలో మంచి కుళ్లాయి పెట్టుకుని వచ్చి, ఆ ఇంట్లో బానెట్ విప్పి అది తొడుక్కునేవాళ్లు.

ఇక్కడే ఒక చిక్కుంది. బానెట్ లోపలి అంచున, బుగ్గల పక్కన, తెల్ల కుచ్చులు కనిపిస్తాయి. లోపల కుళ్లాయి ఉందనుకుంటాం. శతాబ్దం మొదట్లో చాలాసార్లు అది నిజమే, కుళ్లాయి మీదే బానెట్ కట్టుకునేవాళ్లు. 1830ల తర్వాత మాత్రం బానెట్ లోపలి అంచుకే కుచ్చుల పట్టీ కుట్టేయడం బాగా వాడుకలోకి వచ్చింది. బానెట్ తీస్తే కింద ఉత్త జుట్టే. కాబట్టి బానెట్‌తో ఉన్న చిత్రాన్ని చూసి కింద కుళ్లాయి ఉందని తేల్చకూడదు.

ఎందుకు పెట్టుకున్నారు

అణకువ కోసం, మతం కోసం అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. ఆ జవాబు తప్పు కాదు గానీ చాలదు. బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ప్రార్థన వేళ స్త్రీ తల కప్పుకోవాలని ఉంది. మన చర్చిల్లో అమ్మలు, అక్కలు ప్రార్థన మొదలవగానే చెంగు తల మీదికి లాక్కునేది ఆ మాటను బట్టే. క్వేకర్లు దాన్ని రోజంతటికీ వర్తించుకున్నారు. మిగతా ఇంగ్లిష్ సమాజంలో ఆ వాక్యం నేపథ్యంలో ఉండేది, పొద్దున్నే కుళ్లాయి వెతుక్కునేలా చేసినవి వేరే ఉన్నాయి.

మొదటిది జుట్టు. తలస్నానం అరుదు. శుభ్రం చేసుకోవడమంటే ముఖ్యంగా బ్రష్‌తో దువ్వుకోవడమే. పైగా మకాసర్ నూనెలు, కొవ్వుతో చేసిన పొమేడ్లు. ఆ జిడ్డు కుర్చీలకు అంటుకోకుండా వీపు ఆనే చోట వేసే గుడ్డకు ఆంటిమకాసర్ అని పేరు వచ్చిందంటే ఎంత నూనె రాసేవాళ్లో ఊహించుకోవచ్చు. దీనికి తోడు బొగ్గు పొయ్యిల మసి. కుళ్లాయి ఉంటే జుట్టు దుమ్ము పట్టదు, జుట్టు జిడ్డు దేనికీ అంటదు.

రెండోది చలి. నిప్పు ఉన్న గది వెచ్చగా ఉంటుంది, వరండా, మెట్లు, పడకగది మంచులా ఉంటాయి. మూడోది తీరిక లేకపోవడం. జేన్ ఆస్టెన్ 1798 డిసెంబరులో అక్క కసాండ్రాకు రాసిన ఉత్తరంలో ఈ సంగతి సూటిగా చెప్పింది. సాయంత్రాలు పెట్టుకోవడానికి రెండు మూడు కుళ్లాయిలు కుట్టుకుందట, వాటివల్ల జుట్టు సింగారించుకునే బాధ తప్పిందట, పొడుగు జుట్టు జడేసి లోపల దాచేస్తే కడగడం, దువ్వడం తప్ప పనే లేదట. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. పెళ్లికాని అమ్మాయి ఆ వయసులోనే కుళ్లాయి పెట్టుకోవడం కొంచెం తొందరే అనిపించి ఉంటుంది చుట్టుపక్కలవాళ్లకు.

ఎందుకంటే నాలుగో కారణం హోదా. పెళ్లయిన స్త్రీ కుళ్లాయి పెట్టుకోవాలి. పెళ్లికాని స్త్రీ ఒక వయసు దాటాక, ఇక పెళ్లి మాట లేదని తనే ఒప్పుకున్నట్టుగా పెట్టుకునేది. చట్టం కాదు, ఫలానా ఏడు అనే లెక్కా లేదు. స్కాట్లండ్‌లో ఈ గీత మరీ స్పష్టం. కన్నెపిల్ల తలకు స్నూడ్ అనే రిబ్బను, పెళ్లయిన మర్నాటి నుంచి కర్చ్ అనే ముక్కోణపు నారగుడ్డ, తర్వాతి రోజుల్లో మచ్ అనే కుచ్చుల కుళ్లాయి. జర్మన్ భాషలో పెళ్లవడాన్ని ‘కుళ్లాయి కిందికి రావడం’ అని ఇప్పటికీ అంటారు.

ఐదోది ఎవరూ పైకి చెప్పనిది. నలభై దాటాక పాపిట దగ్గర జుట్టు పల్చబడుతుంది. ముఖం చుట్టూ ఉన్న తెల్ల కుచ్చు ఆ పల్చదనాన్ని కప్పుతుంది, కొవ్వొత్తి వెలుతురును ముఖం మీదికి మెత్తగా తిప్పుతుంది. కుళ్లాయి ముందు భాగానికి లోపలి నుంచి సవరపు ముంగురులు కుట్టేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఉతకడానికి కుట్టినదా, చూడటానికి కుట్టినదా

పుస్తకాలు కుళ్లాయిలకు పాతిక పేర్లు చెబుతాయి. పేర్ల వెంట పడితే దారి తప్పుతాం, ఎందుకంటే ఒకే ఆకారానికి ఏటేటా కొత్త పేరు తగిలించారు. చేతిలో ఒక పాత కుళ్లాయి ఉన్నప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని ఎలా ఉతికేవాళ్లు? బొందు విప్పితే బల్లపరుపుగా పరుచుకుంటుందా? అయితే అది వారం వారం చాకలికి వేసే రోజువారీ వస్తువు. రిబ్బను పూలు, తీగలు, పట్టు లేసు కలిపి కుట్టేశారా? అయితే అది నీళ్లు చూడని విందు కుళ్లాయి. మురికైతే కుట్లు విప్పి, లేసు ఒక్కటీ విడిగా శుభ్రం చేసి, రిబ్బను కొత్తది వేసి మళ్లీ కట్టేవాళ్లు.

రోజువారీలో రెండు రకాలు. రాత్రి కుళ్లాయి దళసరి నూలుతోనో నారబట్టతోనో కుట్టింది. అలంకారం దాదాపు ఉండదు, గడ్డం కింద కట్టుకునే తాళ్లు తప్పనిసరి. ముంగురులకు కాగితాలు చుట్టుకుని, మిగతా జుట్టు జడేసుకుని, దాని మీద ఇది కట్టుకుని పడుకునేవాళ్లు. దిండు గలీబుకు జిడ్డు అంటదు. పగటి కుళ్లాయి సన్నని మస్లిన్‌తోనో వలబట్టతోనో కుట్టి కుచ్చులు వేసింది. ‘మార్నింగ్ క్యాప్’ అన్న మాట కనబడితే తెల్లవారుజాము అనుకోవద్దు, ఆనాటి వాడుకలో రాత్రి భోజనానికి ముందున్న పగలంతా మార్నింగే.

మ్యూజియం వస్తువుల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. అందమైన తెల్ల ఎంబ్రాయిడరీతో నిలిచి ఉన్న చిన్న చిన్న కుళ్లాయిల్లో చాలావరకు చంటిపిల్లలవి. చెవి దగ్గర నుంచి నెత్తి మీదుగా రెండో చెవి దాకా కొలిస్తే పెద్దవాళ్లది 16 నుంచి 18 అంగుళాలు వస్తుంది. 11, 12 అంగుళాలే వస్తే అది పాపాయిది.

గుడ్డ

మంచి కుళ్లాయికి మన మల్లు గుడ్డలాంటి పల్చటి నూలు కావాలి. ఇంగ్లిష్‌లో దాన్ని మల్ అనడం మన మల్‌మల్ నుంచి వచ్చిందే. శతాబ్దం మొదట్లో ఇండియా మస్లిన్‌కు గొప్ప పేరు, తర్వాత స్కాట్లండ్, లాంకషైర్ మిల్లులు ఆ చోటు ఆక్రమించాయి. మన నేల పేరు కూడా ఈ బట్టల సంతలో ఉంది. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్టల కొట్టు నడిపింది. ఆ ఊరి పేరే ఇంగ్లిష్ నోళ్లలో మడపొల్లంగా మారి, లోదుస్తులకు, రాత్రి దుస్తులకు వాడే మెత్తటి తెల్ల నూలు బట్ట పేరయింది. 19వ శతాబ్దంలో ఆ పేరుతోనే లాంకషైర్‌లో బట్ట నేసి తిరిగి మన దేశానికే అమ్మారు. గోదావరి నేతగాళ్లకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

లేసు సంగతి వేరు. చేతి లేసు గజం అల్లడానికి వారాలు పట్టేది. జాన్ హీత్‌కోట్ 1808, 1809లలో వల అల్లే బాబిన్ యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాక ఆరు మూలల కన్నాల వల గజాల కొద్దీ వచ్చింది. 1816లో లఫ్‌బరోలోని ఆయన మిల్లును లుడ్డైట్లు, అంటే యంత్రాల మీద కక్షగట్టిన కార్మికులు, పగలగొడితే డెవన్‌లోని టివర్టన్‌కు తరలిపోయాడు. ఆ వల మీద సూదితో నాలుగు తీగలు కుడితే దూరానికి అసలు లేసులాగే కనిపిస్తుంది. 1820ల నుంచి మధ్యతరగతి ఇళ్లలో కూడా పెద్ద పెద్ద కుచ్చుల కుళ్లాయిలు కనబడటానికి ఈ యంత్రం ఒక ముఖ్య కారణం.

కత్తిరింపు, కుట్టు

1830, 40ల నాటి మామూలు పగటి కుళ్లాయి తీసుకుందాం. 36 అంగుళాల పన్నా ఉన్న మస్లిన్ ఒక గజం ఉంటే కుచ్చులతో సహా సరిపోతుంది. భాగాలు మూడు.

ఒకటి, నెత్తి పట్టీ. చెవి కింద నుంచి చెవి కిందికి 17 అంగుళాలు, వెడల్పు నెత్తి మీద 3 అంగుళాలు, చెవుల దగ్గరికి వచ్చేసరికి కొంచెం సన్నం. రెండు, వెనక సంచి. జుట్టు ముడిని దాచేది ఇదే. గుర్రపు నాడా ఆకారంలో, కింద 13 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాలు. దీని వంపు అంచు 30 అంగుళాల పైచిలుకు వస్తుంది, దాన్ని 17 అంగుళాల పట్టీకి సరిపెట్టాలి. ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. కుచ్చును అంచు పొడుగునా సమంగా పంచేస్తారు. అలా చేస్తే చెవుల వెనక బుడగల్లా ఉబ్బి, నడినెత్తి మీద చోటు చాలక కొప్పు నొక్కుకుపోతుంది. చెవుల దగ్గర అటూ ఇటూ రెండేసి అంగుళాలు కుచ్చు లేకుండా సాదాగా అతికి, మిగిలిన గుడ్డంతా పైభాగంలో కుదించాలి.

సంచి కింది అంచున, మెడ వెనక, పావు అంగుళం గొట్టంలా మడిచి కుట్టి అందులో బొందు దూర్చాలి. మన లంగా బొందుకూ దీనికీ తేడా ఒకటుంది. బొందు ఒకటే పొడుగు ముక్క కాదు. రెండు ముక్కలు. ఒక్కొక్కటి ఒక్కో చివర కుట్టేసి, గొట్టంలోంచి ఎదురుబొదురుగా లాగి, మధ్యలో ఉన్న చిన్న కాజాల్లోంచి బయటికి తీస్తారు. అందువల్ల ఎంత లాగినా బొందు ఊడి రాదు, ఉతికేటప్పుడు వదులు చేస్తే గుడ్డ పూర్తిగా విచ్చుకుంటుంది.

మూడోది ముఖం చుట్టూ వచ్చే ఫ్రిల్లు. వెడల్పు రెండు అంగుళాలు, పొడుగు పట్టీకి రెండున్నర రెట్లు, అంటే 42 అంగుళాల పైన. రెండు వరుసలు కావాలంటే దానికి రెట్టింపు. పట్టీలను గుడ్డ పన్నాకు అడ్డంగా, ఒక నేత అంచు నుంచి ఇంకో నేత అంచు దాకా కత్తిరించాలి. అప్పుడు ప్రతి కుచ్చు మడత పడుగు పోగుల వెంట పడుతుంది, నిటారుగా నిలుస్తుంది. నిలువుగా కత్తిరిస్తే అతుకులు తక్కువ పడతాయి గానీ కుచ్చులు ఒదగవు, గంజి పెట్టాక కూడా పక్కకు వాలతాయి.

ఫ్రిల్లును కుదించే పద్ధతి చూడటానికి సులువు, చేయడానికి కష్టం. కత్తిరించిన అంచును ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య సన్నగా, ఒత్తి చేసినట్టు చుట్టాలి. సూది ఆ చుట్ట కింద నుంచి దూరి పైనుంచి తిరిగి రావాలి, చుట్టను గుచ్చకూడదు. రెండు మూడు అంగుళాలు కుట్టి దారం లాగితే గుడ్డ దానంతటదే ముడుచుకుంటుంది. సూది ఒక్కచోట చుట్టలో గుచ్చుకున్నా దారం అక్కడ బిగిసిపోతుంది, గట్టిగా లాగితే తెగుతుంది. అందుకే తెలిసినవాళ్లు 42 అంగుళాలనూ ఒకే దారంతో కుట్టరు. ఫ్రిల్లును, పట్టీని నాలుగు సమ భాగాలుగా గుర్తుపెట్టుకుని, భాగానికో దారం వేస్తారు. ఆఖర్న ఒక్కో చిన్న కుచ్చునూ ఒక్కో కుట్టుతో పట్టీకి పట్టిస్తారు. కుట్టుమిషన్లు ఇళ్లలోకి వచ్చాక కూడా సన్నని కుళ్లాయి పని చేత్తోనే ఎందుకు నడిచిందో ఇది చూస్తే తెలుస్తుంది.

గంజి, నీలిమందు, వేడి గొట్టం

కుళ్లాయి కుట్టడం ఒకసారి పని, దాన్ని నిలబెట్టడం ప్రతి వారం పని. గంజి లేని ఫ్రిల్లు తడిసిన ఆకులా ముఖానికి అంటుకుంటుంది.

సబ్బు నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, మూడు నాలుగు నీళ్లలో జాడించాక నీలిమందు. ఆనాటి నీలిమందుల్లో కొన్ని ప్రష్యన్ బ్లూ అనే ఇనుము కలిసిన నీలం రంగుతో చేసినవి. గుడ్డలో సబ్బు క్షారం మిగిలి ఉంటే ఆ నీలం విరిగిపోయి, అందులోని ఇనుము తుప్పు మరకలుగా తేలుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు గోధుమరంగు చుక్కలు కనబడితే పెట్టె మురికిగా ఉందని పని అమ్మాయిని తిట్టేవాళ్లు. అసలు కారణం సరిగా జాడించకపోవడం.

పల్చటి మస్లిన్‌కు గంజి పెట్టే తీరు మన నూలు చీరలకు పెట్టినట్టు కాదు. గోధుమ, లేదా బియ్యపు పిండిసారాన్ని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లు పోస్తూ తిప్పితే పాలలాంటి ద్రవం అద్దంలా తేటపడుతుంది. పెట్టెకు అంటకుండా చిటికెడు బోరాక్స్, ఒక మైనపు ముక్క. గుడ్డ ముంచి పిండాక అసలు పని మొదలవుతుంది. తడి మస్లిన్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టి చప్పట్లు కొట్టినట్టు కొట్టాలి. పోగుల మధ్య కన్నాల్లో నిండిన గంజి ఆ దెబ్బకు విడిపోతుంది. వెలుతురుకు పట్టి చూస్తే మెరిసే చుక్కలు కనిపించినంతసేపూ ఇంకా కొట్టాలి. ఇది ఎగ్గొడితే ఆరాక గుడ్డ కాగితంలా మూసుకుపోతుంది, పల్చదనమే పోతుంది. తేలికగా కొట్టాలి, రుద్దకూడదు. రుద్దితే పోగులు జరిగి చీలికలు వస్తాయి.

ఫ్రిల్లుకు గొట్టాల్లాంటి అలలు రావడానికి ప్రత్యేకమైన పరికరం ఉంది, గాఫరింగ్ ఐరన్. ఇటాలియన్ ఐరన్ అనీ అంటారు. ఇత్తడి లేదా ఇనుప కాడ మీద అడ్డంగా, ఒక చివర మూసిన బోలు గొట్టం ఉంటుంది, బొటనవేలంత లావు. నిప్పుల్లో ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీని ఆ గొట్టంలోకి దోపుతారు. మసి కడ్డీకే, గొట్టానికి అంటదు. తెల్ల గుడ్డను కాపాడే ఉపాయం ఇది. కొంచెం తడిగా ఉన్న ఫ్రిల్లును రెండు చేతులా బిగపట్టి గొట్టం మీద ఒక్కో కుచ్చుగా ఒత్తి, ఆరేదాకా ఆపి తీస్తారు. గుడ్డ మరీ ఎండిపోయి ఉంటే అల నిలవదు, నీళ్లు చిలకరించాలి. వేడి ఎక్కువైతే గుడ్డ కంటే ముందు గంజి మాడి గోధుమరంగు తిరుగుతుంది. ఫ్రిల్లు వాలుగా కత్తిరించి ఉంటే ఎంత నేర్పరికైనా అలలు వంకరే వస్తాయి.

ఇంత శ్రమా తేమ గాలి తగిలితే పోతుంది. వర్షాకాలపు సాయంత్రం ఒక్కటి చాలు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పల్చటి నూలు, దాని నిండా గాలి, పక్కన కొవ్వొత్తి. మంచం మీద చదువుకునేవాళ్ల కుళ్లాయికి నిప్పంటుకుంటే గడ్డం కింద కట్టిన ముడి వెంటనే ఊడదు.

ఆకారం బట్టి ఏ దశాబ్దం

1800ల మొదట్లో గ్రీకు బొమ్మల తరహా జుట్టు, దానికి తగ్గట్టు తలకు అంటిపెట్టుకున్న చిన్న కుళ్లాయి. నడివయసు స్త్రీలు విందుల్లో తలపాగా చుట్టుకునేవాళ్లు. అమెరికా అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్‌కు ఆ తలపాగాలే గుర్తింపు. 1820ల చివరి నుంచి అంతా పెద్దది. నడినెత్తి మీద జుట్టు ఉచ్చుల్లా నిలబెట్టారు, భుజాల దగ్గర గౌను చేతులు బుట్టల్లా ఉబ్బాయి, కుళ్లాయి కూడా అంత వెడల్పూ పెరిగింది. ఫ్రిల్లు లోపల సన్నని తీగ, పైన రిబ్బను ఉచ్చులు. 1836 ప్రాంతంలో బుట్ట చేతులు కూలగానే కుళ్లాయీ ముడుచుకుంది. 1840ల్లో మధ్య పాపిట తీసి చెవుల మీదికి నున్నగా దువ్విన జుట్టు, బుగ్గల పక్కన వేలాడే లేసు పట్టీలు. 1850ల్లో కుళ్లాయి తల వెనక్కి జరిగింది, ముందు జుట్టంతా బయటపడింది. 1856లో ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కృత్రిమ ఊదారంగు కనిపెట్టాక రిబ్బన్లలో కొత్త రంగులు వరదలా వచ్చాయి. 1860ల్లో ముక్కోణపు లేసు ముక్క, 1870ల్లో ఎత్తుగా పేర్చిన జుట్టు శిఖరాన గుప్పెడు లేసూ రిబ్బనూ. అప్పటికి అది దేన్నీ కప్పడం లేదు.

ఫొటోల్లో కాలం గుర్తుపట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముసలివాళ్లు తమ వయసులో అలవాటైన ఆకారాన్నే కడదాకా పెట్టుకున్నారు, కాబట్టి ఫొటో ఏ ఏటిదో తేల్చాలంటే అందులో ఉన్న చిన్న వయసు స్త్రీ గౌను చేతుల కుట్టును చూడాలి, నాయనమ్మ కుళ్లాయిని కాదు. రెండోది, ఆనాటి ఫొటో పలకలకు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా పడుతుంది. కుళ్లాయి మీద నల్ల రిబ్బను కనబడింది కదా అని సంతాపం అనుకోకూడదు, ఆమె ఎర్ర రిబ్బను కట్టుకుని ఉండొచ్చు.

వితంతువు, పని అమ్మాయి, నర్సు

అసలు సంతాపపు కుళ్లాయి తెల్లనిదే. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా రాణి తొడుక్కున్నది అదే, 1901లో తను పోయేదాకా తీయలేదు. నుదుటి మధ్య కిందికి దిగిన మొన, వెనక వేలాడే పొడుగాటి తెల్ల పట్టీలు, వాటిని వీపర్స్ అనేవాళ్లు. మర్యాద పుస్తకాలు మామూలు వితంతువుకు ఒక సంవత్సరం ఒక రోజు అని గడువు చెప్పాయి. నల్ల దుస్తుల పక్కన ఈ తెలుపు ఎంత శుభ్రంగా ఉంటే అంత మర్యాద, అంటే దుఃఖంలో ఉన్న ఇంట్లో చాకలి పని తగ్గలేదు, పెరిగింది. 1870లో రాణికి వజ్రాల చిన్న కిరీటం చేయించారు. 1,187 వజ్రాలు, వెడల్పు 10 సెంటీమీటర్ల లోపు. పెద్ద కిరీటం పెట్టుకోవాలంటే కుళ్లాయి తీయాలి, అందుకు ఆమె ఒప్పుకోలేదు. అందుకని కుళ్లాయి మీద కూర్చునే కిరీటం కావాల్సొచ్చింది. పాత ఫొటోల్లో తెల్ల మేలిముసుగు మీద బుల్లి కిరీటంతో కనిపించే విక్టోరియా రూపం వెనక సంగతి ఇదే.

1880లు వచ్చేసరికి పడుచు ఇల్లాళ్లు కుళ్లాయి మానేశారు. జుట్టే అలంకారమయ్యాక దాన్ని దాచడం దేనికి? ముసలితనపు గుర్తు అన్న ముద్ర కూడా పడింది. నా లెక్కలో బలమైన కారణం ఇంకోటి: అదే తెల్ల కుళ్లాయి ఇప్పుడు పని అమ్మాయి తల మీద ఉంది. పొద్దున అచ్చు గుడ్డ గౌను, జుట్టంతా కప్పే గుండ్రటి మాబ్ క్యాప్. మధ్యాహ్నం నల్ల గౌను, తెల్ల ఏప్రన్, వెనక పట్టీలు వేలాడే చిన్న కుళ్లాయి. తలుపు తీసింది యజమానురాలా, పనిమనిషా అన్న అనుమానం వచ్చినవాళ్లకు రాకూడదు. 1891 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్లు 13 లక్షల పైమాటే. ఆ దుస్తులు చాలామంది తమ డబ్బుతోనే కుట్టించుకుని పనిలో చేరాలి. వేరేవాళ్ల లేసు చప్పట్లు కొట్టి ఆరబెట్టిన ఆ చేతులే రాత్రి కూర్చుని తమ కుళ్లాయికీ గంజి పెట్టుకునేవి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1860లో నర్సుల బడి మొదలైంది. అక్కడి నర్సుల తెల్ల కుళ్లాయి వేరే బడులకు, వేరే దేశాలకు పాకింది, ఒక్కో బడి తనకంటూ ఒక మడత పెట్టుకుంది. కొన్నేళ్ల క్రితం దాకా మన పెద్దాసుపత్రుల్లో సిస్టర్ల తల మీద కనిపించినది దాని వారసురాలే. చెవులు, జుట్టు కప్పే పని దానికి ఎప్పుడో పోయింది. ఉతికే పద్ధతి మాత్రం మారలేదు. పిన్నులు తీసి మడత విప్పితే ఒట్టి గుడ్డ ముక్కలా పరుచుకునేది, గంజి పెట్టి, బల్లపరుపుగా ఇస్త్రీ చేసి, మళ్లీ అదే మడతల మీద మడిచి పిన్ను గుచ్చేవాళ్లు.